పిల్లల ఐసీయూ, రికవరీ గది, పోస్టాప్ వార్డు: విజయవాడ, గుంటూరు నర్సులు దేన్ని ఎంచుకోవాలి?

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఒక పిల్లల ఆసుపత్రిలో ఇంటర్వ్యూ ముగిశాక, నర్సింగ్ సూపరింటెండెంటు గారు దరఖాస్తు మీద నుంచి తలెత్తి "ఏ యూనిట్‌లో వేయమంటావమ్మా?" అని అడిగితే, చాలామంది "ఎక్కడైనా ఫర్వాలేదు మేడమ్" అంటారు. నేనూ అలాగే అన్నాను. పిల్లల ఐసీయూ, ఆపరేషన్ థియేటరును ఆనుకొని ఉండే రికవరీ గది, శస్త్రచికిత్స అయిన పిల్లలుండే పోస్టాప్ వార్డు బయటివారికి ఒకే పనిలా కనిపించవచ్చు గాని, లోపల పనిచేసేవారికి అవి మూడు వేర్వేరు ఉద్యోగాలు. ఒకదానిలో రాణించిన సిస్టరు ఇంకొకదానిలో మూడు నెలలకే రాజీనామా ఇచ్చి వెళ్లిపోవడం చూశాను. ఆమె పనితనంలో లోపమేమీ లేదు, పని స్వభావానికీ ఆమె స్వభావానికీ పొత్తు కుదరలేదు, అంతే. నవజాత శిశువుల ఎన్‌ఐసీయూను ఈ పోలికలోకి తేలేదు. దాని శిక్షణ, పరికరాలు, మందుల మోతాదులు అన్నీ వేరు కనుక దాని గురించి విడిగా రాయడమే న్యాయం.

ముందుగా చూసుకోవలసిన అంశాలు

ఏ యూనిట్ కష్టమైనది, ఏది తేలిక అన్న ప్రశ్నతో మొదలుపెడితే సమాధానం దొరకదు, ఎందుకంటే మూడూ కష్టమే. ప్రమాదం ఏ వేగంతో మీద పడుతుందనేది మొదట అడగవలసిన ప్రశ్న. కొందరు గంటల తరబడి అంకెలను గమనించి, వాటిలో చిన్న మార్పును పసిగట్టడంలో దిట్టలు. మరికొందరికి నిమిషంలో నిర్ణయం తీసుకోవలసి వచ్చినప్పుడే బుర్ర చురుగ్గా పనిచేస్తుంది. రెండవది, ఒక నర్సుకు ఎంతమంది పిల్లలను అప్పగిస్తారనేది. మూడవది, తల్లిదండ్రులతో ఎంతకాలం, ఎటువంటి మాటలు మాట్లాడవలసి వస్తుందనేది. నాలుగవది డ్యూటీ వేళలు, సెలవులు. ఐదవది, అక్కడ నేర్చుకున్నది రేపు ఇంకొక చోట ఎంతవరకు పనికివస్తుందనేది.

జీతాన్ని ఈ వరుసలో కావాలనే చేర్చలేదు. ఒకే ప్రైవేటు ఆసుపత్రిలో యూనిట్‌కూ యూనిట్‌కూ మధ్య జీతంలో తేడా ఉంటే ఐసీయూ అలవెన్సు పేరిట కొద్దిపాటి మొత్తమే ఉంటుంది, చాలాచోట్ల అదీ ఉండదు. జీతంలో అసలు తేడా ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్యనే కనుక, దాన్ని చూసి యూనిట్‌ను ఎంచుకోవడంలో అర్థం లేదు.

| అంశం | పిల్లల ఐసీయూ | రికవరీ గది | పోస్టాప్ వార్డు |
|---|---|---|---|
| ప్రమాదం వచ్చే తీరు | గంటల మీద, ముందస్తు సూచనలతో | నిమిషాలలో, ఎక్కువగా శ్వాసమార్గం నుంచి | పూటల మీద, రక్తస్రావం, ఇన్ఫెక్షన్, మూత్రం తగ్గడం రూపంలో |
| ఒక నర్సుకు ఉండదగిన పిల్లలు | వెంటిలేటరు మీద ఉంటే ఒకరు, లేకుంటే ఇద్దరు | పూర్తి మెలకువ వచ్చేదాకా ఒకరే | ఆరుగురు. ఆచరణలో అంతకు మించి |
| ఒక బిడ్డతో గడిపే కాలం | రోజులు, ఒక్కోసారి వారాలు | అరగంట నుంచి రెండు గంటలు | రెండు నుంచి ఏడెనిమిది రోజులు |
| రాత్రి డ్యూటీ | తప్పనిసరి, తరచుగా | తక్కువ. అత్యవసర ఆపరేషన్లకు పిలుపు | తప్పనిసరి |
| రద్దీ కాలం | వానల తర్వాత, డెంగీ రోజులలో | వేసవి సెలవులలో | వేసవి సెలవులలో, దసరా సెలవులలో |

చివరి వరుసను తేలికగా తీసుకోవద్దు. అత్యవసరం కాని టాన్సిల్స్, హెర్నియా, వృషణం కిందికి దిగని పిల్లల ఆపరేషన్లు బడి సెలవులను బట్టి కుదుర్చుకుంటారు కనుక, ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారాల దాకా రికవరీ గదిలో ట్రాలీ ఖాళీగా ఉండదు. ఐసీయూ పరిస్థితి దీనికి తలకిందులు. ఆగస్టు నుంచి నవంబరు వరకు జ్వరాల కేసులతో మంచాలు నిండిపోతాయి, కనుక ఇంద్రకీలాద్రి మీద దసరా ఉత్సవాలు జరుగుతుంటే కొండ కిందనే ఇల్లున్న సిస్టరుకు కూడా అమ్మవారి దర్శనానికి ఒక పూట సెలవు దొరకడం కష్టం. పెళ్లి ఎప్పుడు పెట్టుకోవాలన్నది కూడా యూనిట్‌ను బట్టి ఆలోచించుకున్నవారు మాలో ఉన్నారు.

పిల్లల ఐసీయూ

మన ప్రాంతపు పిల్లల ఐసీయూలో కనిపించే జబ్బుల పట్టిక మన నేలను బట్టే ఉంటుంది. డెంగీ, తీవ్రమైన న్యుమోనియా, ఆగని ఫిట్స్, షుగరు ఉన్నట్టు తెలియకనే, రక్తం ఆమ్లంగా మారే కీటోయాసిడోసిస్‌తో స్పృహ తప్పి వచ్చే పిల్లలు ఒకవైపు. పల్నాడు, గుంటూరు పల్లెల నుంచి పురుగుమందు తాగినవారు, పాము కరిచినవారు, తేలు కుట్టినవారు మరొకవైపు. తేలు విషానికి ప్రజోసిన్ మాత్ర ఎంత విలువైనదో మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ చేసిన కృషి వల్ల దేశానికంతటికీ తెలిసింది. అయితే ఆ మాత్ర ఇచ్చాక బీపీ ఒక్కసారిగా పడిపోయే అవకాశం ఉంటుంది కనుక బిడ్డను లేపి కూర్చోబెట్టకుండా, ఎత్తుకోనివ్వకుండా పడుకోబెట్టి ఉంచవలసినది, ఆ సంగతి తాతమ్మకు నాలుగుసార్లు చెప్పవలసినది నర్సే.

ఐసీయూ పనికి సరిపోతామో లేదో తేల్చుకోవడానికి డెంగీ కేసును మించిన ఉదాహరణ లేదు. ఐదో రోజు ఉదయం జ్వరం దిగుతుంది. వాళ్లమ్మ ముఖంలోకి నాలుగు రోజుల తర్వాత వెలుగు వచ్చి "ఒళ్లు చల్లబడింది సిస్టర్, ఇంక ఇంటికెళ్లొచ్చా?" అని అడుగుతుంది. సరిగ్గా ఆ గంటల్లోనే రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారడం మొదలవుతుంది. మానిటరు మీద బీపీ 90/74 అని కనిపిస్తే, పై అంకె తొంభై ఉంది కదా అని సాగిపోయేవారున్నారు. రెండు అంకెల మధ్య తేడా 16 మాత్రమే ఉందని, అది 20కి గాని అంతకు తక్కువకు గాని వచ్చిందంటే షాకు మొదలైందని గుర్తించి, పాదాలు పట్టుకొని చూసి, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి రెండు సెకన్లు దాటుతోందని గమనించి, డాక్టరును అప్పుడే పిలిచే నర్సు చేతిలో బిడ్డ బతుకుతాడు. ఇటువంటి గమనింపు గంటగంటకూ, కేస్ షీటులో ఒక్క గడి కూడా ఖాళీ వదలకుండా, రాత్రి 3 గంటలకు కూడా చేయగలగాలి.

దీని తర్వాత లెక్కలు. పెద్దల వార్డులో మందు గాజుబుడ్డిని, అంటే ఆంప్యూల్‌నే మోతాదుగా భావించడం అలవాటైతే, పిల్లల దగ్గర అది ప్రాణాంతకం అవుతుంది. 12 కిలోల బిడ్డకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసిటమాల్ అంటే 180 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములుండే సీసా నుంచి 18 మిల్లీలీటర్లు; అదే బిడ్డ గుండె ఆగితే పదింతలు పలుచన చేసిన అడ్రినలిన్ 1.2 మిల్లీలీటర్లు. చుక్క ఒక స్థానం పక్కకు జరిగితే మోతాదు పదింతలవుతుంది. సిరంజి పంపులో వేగం పెట్టే ముందు ఇంకొక సిస్టరు చేత లెక్క సరిచూపించుకోవడాన్ని నామోషీగా భావించేవారు ఈ యూనిట్‌కు రాకపోవడమే మంచిది.

ఇక్కడి భారం శరీరం మీద కంటే మనసు మీద ఎక్కువ. పదకొండు రోజులు పేరు పెట్టి పిలిచిన బిడ్డ పన్నెండో రోజున పోవచ్చు. అంతకంటే నన్ను కుదిపినది వేరే ఉంది: బిడ్డ కోలుకునే దారిలో ఉండగానే డబ్బు అయిపోయి, తండ్రి నెమ్మదిగా వచ్చి "తీసుకెళ్లిపోతామమ్మా" అనడం. డాక్టరు గారు ఎంత చెప్పినా, ఆ మాట ఆ తండ్రి ముందుగా చెప్పేది గది బయట నిలబడిన సిస్టరుతోనే. దానికి ఏ పాఠ్యపుస్తకంలోనూ జవాబు లేదు. అలాగని అంతా చీకటే కాదు. వెంటిలేటరు ట్యూబు తీసిన మరునాడు బొంగురు గొంతుతో "బూస్టు" అడిగిన నాలుగేళ్ల పిల్లను చూశాక, ఆ నెల నైట్లన్నీ మరిచిపోయాను.

రికవరీ గది

రికవరీలో పనిచేస్తున్నానంటే "హాయి కదా, రోగులు నిద్రపోతుంటారు" అని సాటి నర్సులే అంటుంటారు. మూడు యూనిట్లలోకీ పొరపాటున తక్కువగా అంచనా వేసేది దీన్నే అని నా అభిప్రాయం. మత్తు దిగే అరగంటలో బిడ్డకు జరగగల ప్రమాదాలలో చాలావరకు శ్వాసకు సంబంధించినవి, అవి నిమిషాలలో ముదురుతాయి. స్వరపేటిక బిగుసుకుపోతే ఛాతీ ఎగిరెగిరి పడుతుంది గాని గాలి చప్పుడు వినిపించదు; మానిటరులో ఆక్సిజన్ అంకె పడిపోయేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. దవడను ముందుకెత్తి, మాస్కు గట్టిగా ఆనించి, నూరు శాతం ఆక్సిజన్ ఇస్తూ, అదే క్షణంలో మత్తు డాక్టరును కేకవేసి పిలవాలి. ఆయన లోపల తరువాతి కేసులో ఉంటే ఎవరు వస్తారన్నది ముందే తెలిసి ఉండాలి.

ప్రమాదాలన్నీ చప్పుడు చేస్తూ రావు. టాన్సిల్స్ తీసిన ఆరేళ్ల బాబు పక్కకు తిరిగి ప్రశాంతంగా పడుకొని ఉంటాడు, నోటి వెంట రక్తం లేదు, అంకెలన్నీ బాగానే ఉన్నాయి. గొంతు మాత్రం మాటిమాటికీ మింగుతూ ఉంటుంది. గొంతులోకి కారుతున్న రక్తాన్ని నిద్రలోనే మింగేస్తున్నాడని అర్థం. టార్చి వేసి చూసి, నాడి వేగం అంతకంతకూ పెరగడం గమనించి, సర్జన్‌ను పిలవకపోతే ఆ సంగతి నెత్తురు వాంతితో బయటపడుతుంది. ఈ ఒక్క సూచనను నాకు నేర్పిన సీనియర్ సిస్టరు రికవరీ గదిలో కుర్చీ వేయనిచ్చేవారు కాదు.

ఇంకొక ముచ్చట కూడా చెప్పాలి. రెండు నుంచి ఐదేళ్ల వయసు పిల్లలు కొందరు మత్తు నుంచి లేస్తూనే కాళ్లు తన్నుకుంటూ, అరుస్తూ, కన్నతల్లిని కూడా గుర్తుపట్టకుండా చేతికి పెట్టిన సెలైన్ గొట్టం (క్యాన్యులా) పీకేసుకుంటారు. "మావాడు ఇట్టా ఎన్నడూ చెయ్యలేదు సిస్టరమ్మా" అంటూ తల్లి వణికిపోతుంది. అది మత్తు దిగేటప్పటి కలవరమని, అరగంటలోపు చాలావరకు సర్దుకుంటుందని ఆమెకు చెబుతూనే, అది నిజంగా కలవరమేనా, లేక నొప్పి వల్లనా, ఆక్సిజన్ తగ్గడం వల్లనా అన్నది మనం తేల్చుకోవాలి. ఇక థియేటరు చలికి పసిపిల్లల ఒళ్లు ఎంత తొందరగా చల్లబడుతుందో చూసినవారికే తెలుస్తుంది. బయట రోహిణి కార్తె ఎండ రోడ్డును కరిగిస్తుంటే లోపల మేము పసిబిడ్డకు వెచ్చని దుప్పటి చుడుతూ ఉంటాము.

వార్డుకు పంపడానికి కదలిక, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ, ఆక్సిజన్ అనే ఐదు అంశాలకు రెండేసి మార్కులు వేసి, మొత్తం పదికి తొమ్మిదైనా వస్తేనే పంపే ఆల్డ్రీట్ పద్ధతి ఎక్కువచోట్ల వాడుకలో ఉంది. "కింద ఇంకో కేసు వెయిటింగ్, తొందరగా పంపేయండి" అని ఒత్తిడి వచ్చినప్పుడు "ఇంకా ఎనిమిదే సార్" అనగలిగే ధైర్యం ఈ ఉద్యోగానికి కావలసిన ముఖ్యమైన అర్హత. నెలలు నిండకముందే పుట్టి, గర్భం మొదలైననాటి నుంచి లెక్కిస్తే ఇంకా 60 వారాలు దాటని శిశువుకు హెర్నియా చేసినా సరే, శ్వాస ఆగే ప్రమాదం వల్ల ఆ రాత్రి మానిటరు మీద ఉంచవలసి ఉంటుందన్నది కూడా ఇటువంటి ఒత్తిడి వేళ మరుగున పడకూడదు.

రికవరీలో రాత్రులు తక్కువ కనుక, చంటిపిల్లలున్న తల్లులకు, తెనాలి నుంచో గుంటూరు నుంచో రోజూ రైలులో విజయవాడ వచ్చివెళ్లేవారికి ఇది బాగా కుదురుతుంది. అయితే బిడ్డతో అనుబంధం ఏర్పడదు. ఒక రోజులో ఎనిమిది మంది వస్తారు, వెళతారు. వారిలో ఒక్కరి పేరు కూడా సాయంత్రానికి గుర్తుండదు. కొందరికి అది ఊరట, కొందరికి వెలితి.

పోస్టాప్ వార్డు

ఇక్కడ ఒక్క సిస్టరు చేతిలో పనుల సంఖ్య ఎక్కువ, ఒక్కొక్క పనిలో ప్రమాదం తక్కువ. గాయం నుంచి ద్రవాన్ని బయటికి తెచ్చే డ్రెయిన్లు, ముక్కు గొట్టాలు, కట్లు, నొప్పి స్కోరు, డైపరు తూకం వేసి గ్రాముకు ఒక మిల్లీలీటరుగా మూత్రం లెక్క కట్టడం, అది కిలోకు గంటకు ఒక మిల్లీలీటరు కంటే తగ్గితే చెప్పడం. మాటలు రాని పిల్లల నొప్పిని ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదార్పుకు లొంగడం అనే ఐదింటిని బట్టి పదికి కొలిచే ఫ్లాక్ స్కోరును ఇక్కడ చేతికి అలవాటయ్యేలా నేర్చుకోవచ్చు.

అసలు పరీక్ష బంధువులతోనే. పేగు మెలిక సరిచేసిన బిడ్డకు నోటి ద్వారా ఏమీ ఇవ్వవద్దని బోర్డు రాసి తగిలించినా, అమ్మమ్మ కొంగు చాటున ఇడ్లీ ముక్క నోట్లో పెడుతుంది. ఆమెను కసిరితే రేపు ఇంకా చాటుగా పెడుతుంది. "ఇప్పుడు పెడితే కుట్లు తెగుతాయి పెద్దమ్మా, పేగు కదలికలు వచ్చాక మొదటి చెంచా మీ చేతులతోనే పట్టిద్దురు గాని" అంటే కాపలా ఆమే కాస్తుంది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరిన పిల్లలకు కాగితాల పని కూడా నర్సుల వంతుకు కొంత వస్తుంది. అది విసుగే గాని తప్పదు.

ఎవరికి ఏది

కొత్తగా చదువు ముగించినవారు నేరుగా రికవరీలో చేరడం నాకు సమ్మతం కాదు. ఆ గదిలో ప్రమాదం వచ్చిన నిమిషంలో పక్కన నేర్పేవారు ఉండకపోవచ్చు, తర్వాత నేర్చుకుందామనే వ్యవధి ఉండదు. ఆరు నెలలు పోస్టాప్ వార్డులో పిల్లల నాడి, శ్వాస, ఏడుపు వయసును బట్టి ఎలా ఉండాలో కంటికీ చేతికీ అలవాటైన తర్వాత ఐసీయూకు, అక్కడ కనీసం ఏడాది చేశాక ఇష్టమైతే రికవరీకి వెళ్లడం నేను సిఫారసు చేసే వరుస. ఐసీయూలో కొత్తవారిని ఆరు వారాలైనా సీనియర్ పక్కన ఉంచే ఆసుపత్రి దొరికితే మాత్రం వార్డు మెట్టు వదిలేసి నేరుగా అక్కడే మొదలుపెట్టవచ్చు.

పై చదువు ఆలోచన ఉన్నవారికి ఐసీయూ అనుభవమే ఎక్కువ దారులు తెరుస్తుంది. భారత నర్సింగ్ కౌన్సిల్ రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ కోర్సును రెసిడెన్సీ పద్ధతిలో రూపొందించింది. పిల్లల నర్సింగ్‌లో ఎమ్మెస్సీ ఎలాగూ ఉంది. యూకే వెళ్లాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి: అక్కడి నర్సింగ్ రిజిస్టరులో పిల్లల నర్సింగ్ ఒక ప్రత్యేక విభాగం కనుక, ఏ విభాగం కింద దరఖాస్తు పెడుతున్నారో ముందే తేల్చుకోవాలి. ఏ యూనిట్‌లో చేరినా పిల్లల అత్యవసర చికిత్సలో పాల్స్ శిక్షణ పొందడం అవసరం. ఆ కార్డు గడువు రెండేళ్లే.

నడుం నొప్పి, థైరాయిడ్, నిద్రలేమి ఉన్నవారు నెలకు పది నైట్లు పడే ఐసీయూను పంతానికి పోయి పట్టుకు వేలాడవద్దు. అదే విధంగా, ఇంట్లో ఇటీవలే బిడ్డను పోగొట్టుకున్న ఒక సహోద్యోగిని తనను ఐసీయూ నుంచి రికవరీకి మార్చమని అడిగింది. దాన్ని బలహీనత అన్నవారికి ఆ పని గురించి తెలియదు.

ప్రభుత్వ కొలువు దొరికితే ఈ ఎంపికలో సగం మన చేతిలో ఉండదు. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రులలో పోస్టింగు వార్డులు మారుతూ ఉంటుంది. మంగళగిరి ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసరు ఉద్యోగానికి నార్సెట్ పరీక్ష రాయాలి. ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం 44,900 రూపాయలు కనుక పోటీ తీవ్రంగా ఉంటుంది. ఆ పరీక్షకు చదువుకునేవారికి పగటి డ్యూటీలుండే రికవరీ కొంత వెసులుబాటు ఇస్తుంది.

చేరే ముందు

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వవద్దు. నేను మొదట చేరిన ఆసుపత్రి బాండు పేరుతో నా సర్టిఫికెట్లను బీరువాలో పెట్టుకొని, మానేస్తానన్నప్పుడు నాలుగు నెలలు తిప్పింది. జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోవాలి.

రాత్రి 2 గంటలకు వెంటిలేటరు అలారం మోగితే ఏ డాక్టరు, ఏ అంతస్తు నుంచి వస్తారని సూటిగా అడగాలి. ఐసీయూ, ఎన్‌ఐసీయూ ఒకే హాలులో ఉన్నాయా, ఒకే సిస్టరు రెండూ చూడవలసి వస్తుందా అని అడగాలి. వీలైతే ఉదయం 8 గంటలకు ఒక సిస్టరు ఇంకొకరికి రోగులను అప్పగించే హ్యాండోవరు చూడనివ్వమని కోరాలి: నైటు సిస్టరు బల్ల దగ్గర కూర్చొని చదివి వినిపిస్తోందా, మంచం పక్కన నిలబడి ఒక్కొక్క పంపు అంకెనూ ఇద్దరూ కలిసి చూసుకుంటున్నారా అన్నది అక్కడ తెలిసిపోతుంది. ఎమర్జెన్సీ ట్రాలీ పై సొరుగు తెరిచి చూపించమనండి. అందులో పసిపిల్లల సైజు మాస్కు, మూడున్నర మిల్లీమీటర్ల నుంచి పైకి వరుసగా శ్వాస ట్యూబులు, కిలోల వారీగా మందుల మోతాదుల చార్టు ఉంటే సంతకం పెట్టండి. పెద్దల మాస్కు ఒక్కటే ఉంటే ఆలోచించి చెబుతానని చెప్పి బస్సెక్కండి.